కార్లియా చెక్క రోడ్డు కోసం డబ్లిన్ నుంచి లాంగ్‌ఫర్డ్ దాకా వెళ్ళొచ్చా?

ఐర్లాండ్‌లో రెండు వేల ఏళ్ళ కిందట మెత్తటి నేల మీద వేసిన కార్లియా చెక్క రోడ్డు గురించి, "పాత చెక్కలు చూడటానికి అంత దూరమా అని మా వారు అంటున్నారు, పిల్లలకు బోర్ కొడుతుందా?" అని అడిగారు కదా. మేము డబ్లిన్‌లోనే ఉంటాం, వేసవిలో పిల్లలతో వెళ్ళొచ్చాం. నా జవాబు: తప్పకుండా వెళ్ళండి. కానీ గైడ్ లేకుండా మాత్రం చూడకండి. ఆ రోడ్డు ముక్కను పరిచి ఉంచిన హాల్లోకెళ్ళి ఫోటో తీసుకుని బయటికి వచ్చేస్తే మీ వారు అన్నట్టు అవి చెక్కలే.

కార్లియా ఉన్నది లాంగ్‌ఫర్డ్ కౌంటీలో, కీనా ఊరి దగ్గర. చుట్టూ అంతా బాగ్, అంటే అడుగు పెడితే దిగబడే పీట్ నేల. పూర్తిగా కుళ్ళని మొక్కలు పేరుకున్నదే పీట్, ఎండితే కట్టెల్లా మండుతుంది. పొయ్యిలకూ కరెంటుకూ ఆ పీట్ తవ్వుతుంటే 1984లో ఈ చెక్కలు బయటపడ్డాయి. తర్వాత కొన్నేళ్ళ పాటు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ ప్రొఫెసర్ బారీ రాఫ్టెరీ బృందం తవ్వకాలు చేసింది. చెట్లు ఏ ఏడు కొట్టారో కూడా తెలిసిపోయింది: క్రీ.పూ. 148. ఓక్ కాండంలో ఏటా ఒక వలయం పెరుగుతుంది. వాతావరణాన్ని బట్టి ఒక ఏడు మందంగా, ఒక ఏడు సన్నగా. ఆ వరుసను సంవత్సరాలు ముందే తెలిసిన పాత ఓక్ దుంగల వరుసతో పోల్చి తేల్చారు. రోమన్లు ఐర్లాండ్‌ను ఎప్పుడూ ఏలలేదు కాబట్టి ఇది అచ్చంగా ఇక్కడివాళ్ళ పని.

కట్టిన తీరు చూడండి. రైలు పట్టాల్ని తిరగేసినట్టు ఉంటుంది: కింద పొడుగునా బర్చ్ దుంగలు రెండు వరుసలు, వాటి మీద అడ్డంగా 3 మీటర్లకు పైగా పొడవున్న ఓక్ పలకలు. పలకల చివర్లలో కన్నాలు పెట్టి, చెక్క మేకులు దించి నేలకు బిగించారు. బండి హాయిగా వెళ్ళేంత వెడల్పు. వందల ఓక్ చెట్లు పడ్డాయి దీనికి. రంపం లేకుండా దుంగల్ని చీల్చారు.

మా అమ్మాయి గైడ్‌ను అడిగింది, "ఇంత గట్టిగా కట్టారు కదా, ఎన్నాళ్ళు నడిచారు?" అని. పదేళ్ళు కూడా ఉండకపోవచ్చట! ఆ గట్టిదనమే దాన్ని ముంచింది, ఓక్ పలకల బరువుకు మెత్తటి బాగ్‌లో దిగబడిపోయింది. అదే ప్రాంతంలో పొదల కొమ్మలు పరిచి, తడికలు అల్లి వేసిన తేలికపాటి దారులు చాలా దొరికాయి, కొన్ని దీనికంటే వేల ఏళ్ళు పాతవి. బాగ్ మీద తేలికగా వెయ్యాలని వాళ్ళకు తెలుసు. అయినా ఇంత బరువైన రోడ్డు ఎందుకు వేశారు? అటు రాత్‌క్రోహన్, ఇటు ఉష్నా కొండ, రెండూ రాజులకూ పూజలకూ పేరున్న చోట్లు, వాటిని కలిపే దారిలో భాగం కావచ్చని ఒక అభిప్రాయం. ఏదో పెద్ద రాజు తన దర్పం చూపించుకోవడానికి వేయించాడనే నాకు అనిపిస్తుంది.

పిల్లలకు బయల్దేరే ముందే ఒక కథ చెప్పండి. పాత ఐరిష్ కథలో తారా అనే చోటును ఏలే రాజు పందెంలో గెలిచి, మిదిర్ అనే దివ్యుణ్ణి ఎవరూ నడవని బాగ్ మీద దారి వెయ్యమంటాడు. రాత్రి పని జరుగుతుంటే ఎవరూ చూడకూడదని షరతు. రాజు మనిషి చాటుగా చూస్తాడు, అందుకే ఆ దారిలో లోపం మిగిలిపోతుంది. అప్పటిదాకా అక్కడ ఎడ్లకు కాడి నుదుటికి కట్టేవారట, మూపు మీద కట్టడం ఆ రాత్రే చూశారట. మూపు మీద కాడి చూసి పెరిగినవాణ్ణి కదా, ఆ ముక్క నాకు భలే నచ్చింది.

హాల్లో కనిపించేది 18 మీటర్ల ముక్క. పీట్‌లో గాలి ఆడదు, పైగా పులుపు నేల, అందుకే ఇన్నాళ్ళు కుళ్ళలేదు. బయటికి తీసి ఆరనిస్తే మాత్రం ముడుచుకుని పగిలిపోతుంది. అందుకని ఫ్రీజ్ డ్రైయింగ్ చేసి, అంటే గడ్డకట్టించి తడి లాగేసి, తేమను అదుపులో ఉంచే హాల్లో పరిచారు. గొడ్డలి గాట్లు ఇంకా ఉన్నాయి, పిల్లల చేత వెతికించండి.

తర్వాత బయట బాగ్‌లో వేసిన చెక్కబాట మీద తప్పక నడవండి. ఆ మెత్తటి నేల చూశాకే ఓక్ పలకల బరువు సంగతి నాకు సరిగ్గా తలకెక్కింది.

టికెట్ లేదు. చలికాలం మూసేస్తారు, కాబట్టి తేదీలు చూసుకుని వెళ్ళండి. డబ్లిన్ నుంచి కారులో దాదాపు గంటన్నర, కారు లేకపోతే కష్టం. రెయిన్ జాకెట్లు, తినడానికి ఏదైనా పెట్టుకోండి. టైం మిగిలితే కీనా పక్కనే రాయల్ కెనాల్ గట్టు ఉంది, పిల్లలు సైకిల్ తొక్కుకోవచ్చు.