స్పామ్‌లో పడిన ఇంటర్వ్యూ పిలుపు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీటెక్ అయి ఏడాదైంది. ఇంటర్వ్యూ మెయిల్ స్పామ్‌లో పడితే తేదీ దాటాక చూసుకుంది. ఆమె మెయిల్ అకౌంట్ నా ఫోన్‌లోనూ ఉంది. జాబ్ పోర్టళ్ల మెయిల్స్‌తో విసిగిపోయి అన్నింటికీ స్పామ్ కొట్టేవాణ్ణి, నేనూ గమనించలేదు. ఇంత అజాగ్రత్త అయితే ఎలా? సైబర్ సెక్యూరిటీ కోర్సులో చేర్చాలా, ఎంటెక్ చదివించాలా?

జవాబు: అజాగ్రత్త ఎవరిది సార్? స్పామ్ బటన్ చెత్తబుట్ట కాదు. నొక్కిన ప్రతిసారీ ‘ఇలాంటివి మాకొద్దు’ అని ఫిల్టర్‌కు నేర్పినట్టే. ఈ మెయిల్ మీవల్లే పోయిందని అనను. పంపినవాళ్ల లోపమూ ఉండొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నిబంధనలు గట్టివయ్యాయి. మెయిల్ నిజంగా ఆ కంపెనీ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు ఎస్‌పీఎఫ్, డీకిమ్. ఎవరు పంపినా వీటిలో ఒక్కటైనా ఉండాలి. రోజుకు 5,000 మెయిల్స్ దాటితే రెండూ ఉండాలి, ఆ రుజువు లేని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా. రుషికొండలో పదిమందితో నడిచే ఆఫీసు ఆ సెట్టింగ్ చూసుకోకపోతే నిజమైన పిలుపు కూడా దొంగ మెయిల్లా కనిపిస్తుంది. ఇందులో పిల్ల తప్పేముంది?

అమ్మాయిని ఈరోజే ఆ కంపెనీకి మూడు లైన్లు రాయమనండి. మెయిల్ స్పామ్‌లో పడింది, ఆలస్యంగా చూశాను, ఇంకో అవకాశం ఇవ్వగలరా అని. మద్దిలపాలెం నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి వారం ఆలస్యంగా ఇలాగే రాస్తే ఇంకో తేదీ ఇచ్చారు. ఇవ్వకపోయినా, ఒక్క ఇంటర్వ్యూతో ఎవరి జీవితమూ ఆగిపోదు. టెన్షన్ పడకండి.

స్పామ్‌లోవి 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి వారానికి రెండుసార్లు చూడాలి. నిజమైనదైతే ‘నాట్ స్పామ్’ నొక్కాలి. డిపాజిట్ కట్టమనే ఆఫర్ లెటర్లూ అక్కడే ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

ఇక కోర్సు. మూడు నెలల్లో సైబర్ నిపుణుల్ని చేస్తామంటూ ద్వారకానగర్‌లో కనిపించే బోర్డులంటే నాకు నమ్మకం లేదు. నెట్‌వర్కింగ్, లినక్స్ గట్టిగా రాకుండా టూల్స్ పేర్లు బట్టీపడితే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. అప్పు చేసి ఫీజు కట్టకండి. ముందు కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కమనండి. ఎస్‌పీఎఫ్ పాసైందా, ఫెయిలైందా అక్కడే కనిపిస్తుంది. ఎందుకలా జరిగిందో తవ్వాలనిపిస్తే ఈ రంగం ఆమెకు పనికొస్తుంది. విసుగనిపిస్తే వదిలేయండి. ఎంటెక్ సంగతి ఆమెకు చదవాలని ఉంటేనే. ఖాళీగా కూర్చుందని మాత్రం చేర్చొద్దు.

మీ ఫోన్‌లోంచి ఆమె మెయిల్ అకౌంట్ ఈ రాత్రికే తీసేయండి.