కొటేషన్ ఇచ్చేది ఇంటి మనిషైతే?

ప్రశ్న: బెంగళూరులో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం పర్చేజ్ సెక్షన్‌లో అసిస్టెంట్‌ని. మాది హిందూపురం. మా ఆడపడుచు భర్తకు ల్యాబ్ గాజుసామాన్ల వ్యాపారం ఉంది. మూడు కొటేషన్లు (దుకాణాలు ఇచ్చే ధరల పత్రాలు) తీసుకుని కెమిస్ట్రీ విభాగానికి బీకర్లు, బ్యూరెట్లు కొనే ఫైలు నా దగ్గరికొచ్చిందని తెలిసి, "కొటేషన్ నేనిస్తా చెల్లెమ్మా, మిగతా రెండూ కూడా నేనే తెచ్చిస్తా, నీకెందుకు శ్రమ" అంటున్నారు. ఆయన రేటు నిజంగానే బయటికన్నా తక్కువ. ఇంటల్లుడికి ఆ మాత్రం చేయలేవా అని మా అత్తగారు ముఖం మాడ్చుకుంటున్నారు. సంతకం చేసేది పైవాళ్ళు, నేను ఫైలు పెట్టేదాన్నే కదా. తప్పేముంది?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: అమ్మా, ముందు ఆ "ఫైలు పెట్టేదాన్నే" సంగతి చూద్దాం. 1988 అవినీతి నిరోధక చట్టం వైస్ ఛాన్సలర్ నుంచి మొదలుపెట్టి, హోదా పేరు ఏదైనా సరే, విశ్వవిద్యాలయ ఉద్యోగులందరినీ పబ్లిక్ సర్వెంట్ల కిందే లెక్కేసింది. పైగా సంతకం దాకా వెళ్ళేసరికి సగం కథ అయిపోయి ఉంటుంది. ఎవరిని కొటేషన్ అడగాలో ఆ జాబితా రాసేది మీరే.

రేటు తక్కువంటున్నారు. కావచ్చు. మూడు కొటేషన్లూ ఒకే చేతి మీదుగా వస్తే ఏది తక్కువో మీకెలా తెలుస్తుంది? స్టోర్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక చెబుతున్నా, ఒక్కరే వేర్వేరు పేర్లతో తెచ్చే డమ్మీ కొటేషన్లు పట్టుకోవడం ఆడిటర్లకు పెద్ద పనేం కాదు. నా బల్ల మీదికి ఒకసారి మూడొచ్చాయి. లెటర్‌హెడ్ల రంగులు వేరు, రబ్బరు స్టాంపులు వేరు. బోరోసిలికేట్ (ల్యాబ్ గాజు రకం) స్పెల్లింగ్‌లో మాత్రం ఒక్కటే ఉండాల్సిన ఎల్ మూడింటిలోనూ రెండుసార్లు పడింది. రెండోదాంట్లో ప్రతి వస్తువూ మొదటిదానికన్నా సరిగ్గా ఐదు శాతం ఎక్కువ, మూడోదాంట్లో పది శాతం. జీఎస్‌టీ నంబర్లు చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, కర్ణాటకకు 29. తర్వాతి పదీ పాన్ నంబరు. దుకాణాల పేర్లు వేరై ఆ పదీ ఒకటే అయితే యజమాని ఒక్కరే. జీఎస్‌టీ పోర్టల్‌లో నంబరు కొడితే పేరూ చిరునామా ఎవరికైనా కనిపిస్తాయి.

మరి ఆయన పోటీలోకే రాకూడదా అంటే, రావచ్చు. తన కొటేషన్ ఒక్కటే ఇవ్వాలి, ఆ ఫైలు మీ చేతిలో ఉండకూడదు. కుటుంబసభ్యులకు సంబంధమున్న కాంట్రాక్టును తాను చూడకుండా పై అధికారికి అప్పగించాలని కేంద్ర ఉద్యోగుల 1964 ప్రవర్తన నియమాల్లోనే ఉంది. మీ విశ్వవిద్యాలయం నియమాలు మీరు చూసుకోవాలి. ఆడపడుచు భర్త "కుటుంబం" కిందికి రాడని ఎవరో ఒకరు లా పాయింట్ తీస్తారు. తీయనివ్వండి, మీరు మాత్రం రాసివ్వండి. "ఈ ఫర్మ్ యజమాని నా భర్తకు బావగారు. ఫైలు మరొకరికి అప్పగించగలరు." ఈ రెండు ముక్కలు చాలు. ఆఫీసుకు అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించి జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే, ఆ అధికారి బదిలీ అయిన రోజున మీరు చెప్పారనడానికి సాక్ష్యమే ఉండదు.

మొత్తం తక్కువగా చూపి టెండరు తప్పించుకోవడానికి బిల్లు ముక్కలు చేద్దామన్నా ఒప్పుకోకండి. కర్ణాటకలో 1999 నాటి ప్రభుత్వ కొనుగోళ్ళ పారదర్శకత చట్టం విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది.

ఇక అత్తగారు. ఆవిడకు చట్టాలన్నీ ఏకరువు పెట్టకండి, ఒక్క ముక్క చెప్పండి: 2018 సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ళకూ ఏడేళ్ళ దాకా జైలు ఉంది, అది డబ్బే కానక్కర్లేదు. అల్లుడి కోసమే దూరంగా ఉంటున్నానంటే ఆవిడే సర్దుకుంటారు. పండక్కి ఎప్పుడూ పెట్టే చీర పుచ్చుకోండి. ఈ ఫైలు నడుస్తుండగా కొత్తగా ఏదైనా ఇంటికొస్తే మాత్రం అదే రోజు తిప్పి పంపండి.

ఫైలు చేతులు మారాక ఆయన ఫోన్ చేసి "మిగతావాళ్ళు ఎంత వేశారు చెల్లెమ్మా?" అని తప్పకుండా అడుగుతారు. పక్క సీటులో విన్నదైనా సరే, చెప్పకండి.