పాఠకుల ప్రశ్నలు: స్పర్స్ పొడగరులు, అప్పుడూ ఇప్పుడూ

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలోని శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు గురించే. డేవిడ్ రాబిన్సన్, టిమ్ డంకన్ పక్కన విక్టర్ వెంబన్యామాని ఎక్కడ నిలబెట్టాలన్నదే అందరి గొడవ. అతని మొదటి రెండు సీజన్లను (2023-24, 2024-25) మాత్రమే లెక్కలోకి తీసుకున్నాం.

ప్రశ్న: మొదటి సీజన్‌లో రాబిన్సన్ సగటు 24.3 పాయింట్లు, డంకన్‌ది 21.1, వెంబన్యామాది 21.4. పైగా వాళ్లిద్దరూ అడుగుపెట్టిన ఏడాదే జట్టు 56 మ్యాచ్‌లు గెలిచింది. ఇతను వచ్చాక గెలిచింది 22. మరి ఇంత హడావిడి దేనికి?

ముందు నిమిషాల తేడా సరిచేయండి. రాబిన్సన్ మ్యాచ్‌కి 36.6 నిమిషాలు ఆడాడు, డంకన్ 39.1, వెంబన్యామా 29.7 మాత్రమే. సగటును నిమిషాలతో భాగించి 36తో గుణిస్తే పాయింట్లు వరసగా 23.9, 19.4, 25.9 అవుతాయి. బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) 3.8, 2.3, 4.4. అయితే ఈ లెక్క తక్కువ నిమిషాలు ఆడినవాడికి కాస్త అనుకూలం. 30 నిమిషాలు ఆడినవాడి కాళ్లలో ఉండే బలం 39వ నిమిషంలో ఉండదు కదా.

తర్వాత ఆట వేగం. 1989-90లో లీగ్ సగటున ఒక్కో జట్టుకి 48 నిమిషాల్లో 98 దాకా పొసెషన్లు (బంతి చేతికొచ్చే అవకాశాలు) దక్కేవి. డంకన్ వచ్చిన 1997-98 నాటికి అది 90కి పడిపోయింది. ఇప్పుడు మళ్లీ 98 దాటింది. అంటే ముగ్గురిలో డంకన్‌కే అవకాశాలు తక్కువ. ఇవాళ్టి వేగానికి మారిస్తే అతని 19.4 కాస్తా 21 దాటుతుంది.

వయసు మాట చాలామంది మర్చిపోతారు. నేవీలో రెండేళ్లు పనిచేసి వచ్చిన రాబిన్సన్‌కి మొదటి మ్యాచ్ నాటికి 24 ఏళ్లు. వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్లు ఆడి వచ్చిన డంకన్‌కి 21. వెంబన్యామాకి 19.

ఇక గెలుపులు. డంకన్ పక్కన గాయం నుంచి కోలుకున్న రాబిన్సనే ఉన్నాడు. అంతకు ముందు సీజన్‌లో రాబిన్సన్ ఆడింది ఆరే మ్యాచ్‌లు, అందుకే జట్టు 20 గెలుపుల దగ్గర ఆగింది. రాబిన్సన్‌కి తోడుగా మంచి స్కోరర్ టెర్రీ కమింగ్స్ ఉన్నాడు. వెంబన్యామాకి దొరికిందేమిటి? సీజన్ మొదట్లో పాయింట్ గార్డ్‌గా (బంతిని నడిపి అందించేవాడిగా) ఆడించింది జెరెమీ సోచన్‌ని, అతను అసలు ఫార్వర్డ్, అంటే పక్కల నుంచి, రింగ్ దగ్గర ఆడేవాడు. పొడగరికి సరైన ఎత్తులో, సరైన క్షణంలో బంతి అందించే చెయ్యి లేకపోతే ఎత్తు ఉండీ లాభం లేదు.

ప్రశ్న: డిఫెన్స్‌లో ఇతను రాబిన్సన్ పోలికా, డంకన్ పోలికా?

రాబిన్సన్ పోలికే, అందులో మాకు అనుమానం లేదు. ఇద్దరిదీ దూరం నుంచి వచ్చి బంతిని అందుకునే ఆట. రాబిన్సన్ 1991-92లో మ్యాచ్‌కి 4.5 బ్లాకులతో లీగ్‌లో మొదటివాడు, ఆ ఏడాది ఉత్తమ డిఫెండర్ అవార్డు అతనిదే. వెంబన్యామా తొలి ఏడాదే 3.6తో లీగ్‌లో ముందున్నాడు, ఆల్ డిఫెన్సివ్ (ఆ ఏడాది మేటి డిఫెండర్ల) మొదటి జట్టులో చోటు దక్కిన తొలి రూకీ (మొదటి సీజన్ ఆటగాడు) కూడా అతనే.

డంకన్ దారి వేరు. ఎగిరేది తక్కువ, నిలబడేది ఎక్కువ. ఎదుటివాడు ఎటు వస్తాడో ముందే పసిగట్టి అక్కడికి చేరి, చేతులు నిటారుగా పెట్టి, ఛాతీని అడ్డం పెట్టేవాడు. 15 సార్లు ఆల్ డిఫెన్సివ్ జట్లలోకి ఎంపికైనా ఉత్తమ డిఫెండర్ అవార్డు ఒక్కసారీ రాలేదు. బ్లాకులు చూసి ఓట్లేస్తే ఇంతే.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి వెంబన్యామా పాదాల మీద కన్నేయండి. బరువైన సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడగరి) భుజంతో ఛాతీ మీదికి నెట్టినప్పుడు అతని మడమలు వెనక్కి జరుగుతుంటాయి. రెండు నెట్లకే రింగ్ కిందికి చేరిపోతాడు, అక్కడ ఎంత పొడుగు చేతులున్నా ఆలస్యమే. డంకన్ అయితే నడుము దించి, మోకాళ్లు వంచి, ఎదుటివాడు బంతి అందుకోకముందే ఆ చోటు ఆక్రమించేవాడు. వెంబన్యామా అతని నుంచి నేర్చుకోవాల్సింది ఇదే. దీనికి తొడల్లో, నడుంలో బలం కావాలి, అది ఒక్క వేసవిలో వచ్చేది కాదు.

బ్లాకుల పట్టీలో కనిపించనిది ఇంకొకటుంది. పెయింట్‌లోకి (రింగ్ ముందు రంగు వేసిన చోటుకి) దూసుకొచ్చిన గార్డ్ అతన్ని చూసి షాట్ మానేసి బంతి బయటికి ఇచ్చేస్తాడు. అలాంటివి ఒక క్వార్టర్‌లో ఎన్నో మీరే లెక్కపెట్టండి.

ప్రశ్న: రాబిన్సన్, డంకన్ కలిసి 1999లో టైటిల్ తెచ్చారు. వెంబన్యామా పక్కన కూడా ఇంకో పొడగరిని పెడితే?

2023లో పెట్టి చూశారు. జాక్ కాలిన్స్ సెంటర్, వెంబన్యామా ఫార్వర్డ్. కుదరలేదు. ఆ రోజుల్లోనే జట్టు వరసగా 18 మ్యాచ్‌లు ఓడింది. డిసెంబర్‌లో వెంబన్యామాని సెంటర్‌కి మార్చాక అతని ఆట తేటపడింది.

1999లో కుదిరిందంటే, అప్పట్లో ఎదుటి జట్లలోనూ ఇద్దరు పొడగరులు రింగ్ దగ్గరే తిరిగేవారు. డంకన్ కింద, రాబిన్సన్ ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే షాట్) గీత దగ్గర నిలబడితే చాలు. డంకన్ రూకీ ఏడాది లీగ్‌లో ఒక జట్టు మ్యాచ్‌కి సగటున 13 త్రీలు (మూడు పాయింట్ల గీత బయటి నుంచి షాట్లు) వేసేది, ఇప్పుడు 35 పైనే. రెండో పొడగరిని ఎదుటివాళ్లు గీత బయటికి లాగేస్తారు. అతనికి బయట షాట్ లేకపోతే ఇటువైపు కూడా నష్టమే, అతన్ని కాపలా కాసేవాడు వదిలేసి వెంబన్యామా మీదికి వచ్చేస్తాడు.

ప్రశ్న: ఇంత ఎత్తు పెట్టుకుని అన్ని త్రీలు ఎందుకు?

రెండో సీజన్‌లో మ్యాచ్‌కి 8.8 త్రీలు వేశాడు, మొత్తం షాట్లలో దాదాపు సగం. పడ్డవి 35.2 శాతం. వంద షాట్లకు 105 పాయింట్లు పైచిలుకు. రూకీ రాబిన్సన్ 53 శాతంతో టూలు (రెండు పాయింట్ల షాట్లు) వేస్తే వందకు 106. కాబట్టి షాట్ల దగ్గర నష్టం లేదు, నష్టమంతా ఫ్రీ త్రోల దగ్గరే. రాబిన్సన్ ఆ ఏడాది మ్యాచ్‌కి పది ఫ్రీ త్రోలు సంపాదించాడు, వెంబన్యామాకి వచ్చేవి నాలుగు. బయటి నుంచి వేసేవాణ్ని ఎవరూ పెద్దగా ఫౌల్ చేయరు. 83 శాతానికి పైగా ఫ్రీ త్రోలు వేసేవాడు ఆ గీత దగ్గరికే వెళ్లకపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ప్రశ్న: రాబిన్సన్ ఒకే మ్యాచ్‌లో చేసిన 71 పాయింట్లు, క్వాడ్రుపుల్ డబుల్ (నాలుగు లెక్కల్లో పదికి తగ్గకుండా): వెంబన్యామా ఏది ముందు అందుకుంటాడు?

రెండోదే. రాబిన్సన్ 1994 ఫిబ్రవరిలో డెట్రాయిట్ మీద 34 పాయింట్లు, పదేసి రీబౌండ్లు (పడని షాట్ బంతిని పట్టడం), అసిస్టులు (బుట్టకి దారితీసిన పాసులు), బ్లాకులు సాధించాక ఆ ఘనత మరెవరికీ దక్కలేదు. అందులో అందరికీ కష్టమైనది పది బ్లాకులు. వెంబన్యామా రూకీ ఏడాదే అవి ఒకసారి చేశాడు. టొరంటో మీద 27 పాయింట్లు, 14 రీబౌండ్లు, 10 బ్లాకులు వచ్చిన రోజు తక్కువైనవి ఐదు అసిస్టులే.

71 వేరే సంగతి. ఆ రోజు రాబిన్సన్ 41 షాట్లు, 25 ఫ్రీ త్రోలు వేశాడు. సీజన్ చివరి మ్యాచ్, స్కోరింగ్ కిరీటం కోసం షకీల్ ఓనీల్‌తో పోటీ, జట్టంతా బంతి అతనికే అందించింది. వెంబన్యామా 2024 నవంబర్‌లో వాషింగ్టన్ మీద ఎనిమిది త్రీలు పడితే 50 చేరాడు.