తొలిదశ ఊపిరితిత్తుల క్యాన్సర్ మొదట ఎలా బయటపడుతుంది?

చాలావరకు అనుకోకుండానే. శస్త్రచికిత్సకు ముందు తీసిన ఎక్స్‌రేలోనో, గుండె కోసం తీసిన సీటీ స్కాన్‌లోనో, పక్కటెముక విరిగిందేమోనని తీసిన ఫిల్ములోనో ఒక చిన్న మచ్చ కనిపిస్తుంది. రోగికి అప్పటికి ఏ బాధా ఉండదు. ఊపిరితిత్తి లోపలి కణజాలానికి నొప్పి తెలియదు మరి. తెలిసేది ఛాతీ గోడకు, దాని లోపలి వైపున ఉన్న పొరకు.

ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండలేం. గుండె నీడ వెనక, కాలరెముక చాటున ఉన్న సెంటీమీటరు గడ్డ అందులో తేలిగ్గా తప్పిపోతుంది. సీటీ దాన్ని పట్టుకుంటుంది. కానీ సీటీలో కనిపించే చిన్న మచ్చల్లో అత్యధికం క్యాన్సర్ కావు, పాత ఇన్‌ఫెక్షన్ గుర్తులు కావచ్చు. అందుకే డాక్టర్లు ముందు పాత ఫిల్ములు అడుగుతారు. కొన్నేళ్ల కిందట కూడా ఆ గట్టి మచ్చ అంతే ఉంటే సగం ఆందోళన తీరినట్టే.

రెండో దారి స్క్రీనింగ్, అంటే ఏ లక్షణాలూ లేకముందే పరీక్షించి చూడటం. రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లకు సమానంగా సిగరెట్లు తాగి, ఇంకా మానని లేదా మానేసి 15 ఏళ్లు దాటని 50–80 ఏళ్ల వారికి అమెరికాలో 2021 నుంచి ఏటా తక్కువ రేడియేషన్ సీటీని సిఫారసు చేస్తున్నారు. అక్కడ 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఎక్స్‌రేతో పోలిస్తే ఈ సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

లక్షణాలతో బయటపడే తొలిదశ కేసులు తక్కువ. గడ్డ పెద్ద శ్వాసనాళంలో ఉంటే వదలని దగ్గు, కళ్లెలో నెత్తుటి చార, ఒకే చోట మళ్లీ మళ్లీ న్యుమోనియా కనిపించవచ్చు. అలాంటి న్యుమోనియా మందులతో తగ్గినా, కొన్ని వారాల తర్వాత ఇంకోసారి ఫిల్ము తీయించాలి.