చేపల జాబితాలో ‘లాక్టేరియిడే’ అని ఉంది. ఇది చెల్లే కుటుంబం పేరేనా? అర్థం ఏంటి?

చెల్లుతుంది. ఆ కుటుంబంలో ఇప్పుడు బతికున్న జాతి ఒక్కటే, లాక్టేరియస్ లాక్టేరియస్. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ సరుకు తిరగేస్తే పారల్లాంటి వెండి చేపల్లో కలిసిపోయి ఉంటుంది. మొప్ప మూత పైభాగాన నల్ల మచ్చ, దవడల ముందు కొసన చిన్న కోరపళ్లు ఉంటే అదే.

కుటుంబం పేరుకి అర్థం నేరుగా వెతక్కండి. చివరి ‘ఇడే’ తీసేసి, అది ఏ ప్రజాతి (జీనస్) మీద కట్టిన పేరో పట్టుకోండి. ఇక్కడ లాక్టేరియస్, లాటిన్‌లో పాలకు సంబంధించిన మాట. గూగుల్‌లో అదే కొడితే పుట్టగొడుగులు వస్తాయి, తుంచితే పాలు కారే రకం. పుట్టగొడుగుకి ఆ పేరు 1797లో పెట్టారు, చేపకి 1833లో. ‘పేరు ముందే వాడేశారు కాబట్టి చేపది చెల్లదు’ అని ధీమాగా చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. జంతువుల నామకరణ నియమావళి వేరు, మొక్కలూ శిలీంధ్రాలది వేరు. ఒకదాని పేరు ఇంకోదానికి అడ్డు రాదు.

అసలు తంటా స్పెల్లింగ్‌తో. ‘లాక్టేరి’కి ‘ఇడే’ చేర్చినప్పుడు ఇంగ్లీషు ఐ అక్షరం రెండుసార్లు పడాలి. ఒకటి ఎగిరిపోతే ఏమవుతుందో సముద్ర నక్షత్రాల్లో చూడండి: రెండు ఐలుంటే ఆస్టెరియాస్ ప్రజాతి కుటుంబం, ఒకటే ఉంటే పూల మొక్కల ఉపతరగతి! కాలేజీ మ్యూజియం సీసాల మీద లేబుళ్లు ఏళ్ల తరబడి చూసి రాసినవే. కర్త (పేరు పెట్టిన శాస్త్రవేత్త) పేరుండదు, పెట్టిన ఏడాది ఉండదు, ఐ ఒకటో రెండో ఎవరికీ పట్టదు. పిల్లలు వాటినే రికార్డులో దించుతారు. ఇది నిజంగా బాధాకరం.

చేపలకైతే ఎష్‌మేయర్ కేటలాగ్ ఆఫ్ ఫిషెస్, మిగతా సముద్ర జీవులకు వర్మ్స్ (WoRMS) తెరవండి, రెండూ ఆన్‌లైన్‌లో ఉండే పేర్ల జాబితాలే. ఆధార ప్రజాతి, కర్త, ఏడాది, ఇప్పటి స్థితి చూడండి. పేరు నియమం ప్రకారం పుట్టడం ఒకటి, ఇవాళ వాడుకలో ఉండటం ఇంకొకటి. చిలక చేపల ‘స్కారిడే’ పద్ధతిగా పెట్టిన పేరే, కానీ ఇప్పుడు చాలామంది దాన్ని లాబ్రిడేలో ఉపకుటుంబంగా కలిపేస్తున్నారు. పాత పుస్తకంలో క్రమం (ఆర్డర్, కుటుంబానికి పై మెట్టు) వేరేగా ఉందని మాత్రం కంగారు పడొద్దు. క్రమం మారినంత మాత్రాన కుటుంబం పేరు పోదు.

రికార్డులో ‘లాక్టేరియిడే బౌలెంజర్, 1904’ అని రాసి, పక్కన మీరు సరిచూసిన తేదీ వెయ్యండి. ఇటాలిక్స్ ప్రజాతికీ జాతికీ మాత్రమే, కుటుంబానికి వద్దు.