గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అవుతాడా? హాజీ విషయంలో జవాబు దొరకడానికి 16 ఏళ్లు పట్టింది

మీ ప్రశ్న ఇది: "రొమేనియా మిడ్‌ఫీల్డర్ గెయోర్గే హాజీ ఆటగాడిగా అంత పేరు తెచ్చుకున్నాడు కదా, కోచ్‌గా సక్సెస్ అయ్యాడా, ఫెయిలయ్యాడా? కొత్తగా తెలుసుకునేవాళ్లు ఏ మ్యాచ్‌లతో మొదలుపెట్టాలి?"

నా జవాబు: సక్సెస్ అయ్యాడు. కాకపోతే ఎవరో తయారుచేసిన జట్లకు కోచ్‌గా వెళ్లినన్నాళ్లూ అతనికి పెద్దగా కలిసిరాలేదు. పిల్లల్ని చేరదీసి, వాళ్లతో సొంత జట్టును పెంచుకున్నాకే కోచ్‌గా నిలబడ్డాడు. అందుకే అతన్ని మేనేజర్ అనడం కంటే మాస్టారు అనడమే సరైనదని నాకనిపిస్తుంది.

నాది విశాఖపట్నం. 1994లో తొమ్మిదో తరగతి. ఆ ఏడు వరల్డ్ కప్ అమెరికాలో జరిగింది. రొమేనియా, కొలంబియా మ్యాచ్ మనకు జూన్ 19 ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు మొదలైంది. నాన్న నిద్ర లేస్తారని టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి, తెరకు రెండు అడుగుల దూరంలో కూర్చున్నాను. నిజానికి నేను చూడాలనుకున్నది కొలంబియాని. ఆ టోర్నీలో వాళ్లు ఎంతో దూరం వెళ్తారని అందరూ అంటున్నారు.

34వ నిమిషంలో బంతి ఎడమ పక్క గీతకు దగ్గరగా హాజీ కాళ్ల దగ్గర ఉంది. గోల్ అక్కడికి 35 మీటర్లకు పైనే. లోపలికి సెంటర్ కొడతాడనుకున్నాను. గోల్‌కీపర్ కోర్డోబా కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు. హాజీ ఎడమ కాలితో కొట్టిన బంతి పైకి లేచి, అతని చేతుల మీదుగా వంగి, అవతలి పోస్టు వైపు బార్ కింద దిగింది. సౌండ్ లేదు కాబట్టి స్టేడియం ఎలా అరిచిందో నాకు తెలియదు. నేనూ అరవలేకపోయాను. దిండు కరుచుకుని కూర్చున్నాను. రొమేనియా 3-1తో గెలిచింది. మిగతా రెండు గోల్స్ స్ట్రైకర్ రడుచోయువి.

ఆ తర్వాత నాకౌట్‌లో అర్జెంటీనాతో మ్యాచ్ మన టైముకి రాత్రి రెండు గంటలకు. డోప్ పరీక్షలో దొరికిపోయిన మారడోనా అప్పటికే టోర్నీకి దూరమయ్యాడు. రొమేనియాకేమో రడుచోయు సస్పెన్షన్‌లో ఉన్నాడు. కోచ్ యోర్దానెస్కు మిడ్‌ఫీల్డర్ దుమిత్రెస్కుని ముందుకు జరిపితే అతను రెండు గోల్స్ కొట్టాడు, మూడోది హాజీ. 3-2. క్వార్టర్ ఫైనల్లో స్వీడన్‌తో 2-2 అయ్యాక పెనాల్టీల్లో ఓడిపోయారు. తన పెనాల్టీని హాజీ గోల్ చేశాడు. మరుసటి రోజు స్కూల్లో నాకు అన్నం సహించలేదు.

చాలాకాలం తర్వాత తెలిసిన ఓ సంగతి నాకు ఆ గోల్ కంటే ఎక్కువ నచ్చింది. ఆ వరల్డ్ కప్‌కు హాజీ వచ్చింది ఇటలీ రెండో డివిజన్ నుంచి! రియల్ మాడ్రిడ్‌లో రెండేళ్లు ఆడి 1992లో చిన్న క్లబ్ బ్రెషాకి వెళ్లాడు. అక్కడ కోచ్ మిర్చా లుచెస్కు, రొమేనియావాడే. జట్టులో హాజీతో కలిపి నలుగురు రొమేనియన్లు. 1993లో బ్రెషా కింది డివిజన్‌కు పడిపోయింది. అంత పేరున్న ఆటగాడు వెంటనే ఇంకో క్లబ్ చూసుకుని వెళ్లిపోతాడని ఎవరైనా అనుకుంటారు. అతను వెళ్లలేదు. ఆ ఏడాదంతా రెండో డివిజన్‌లో ఆడి, జట్టును మళ్లీ పైకి తెచ్చి, అప్పుడు అమెరికా వెళ్లాడు. అక్కడి ఆట చూశాక బార్సిలోనా తీసుకుంది. 1983లో 18 ఏళ్ల హాజీకి జాతీయ జట్టులో మొదటి అవకాశం ఇచ్చిందీ ఈ లుచెస్కునే. కుర్రాళ్లను నమ్మడం హాజీ ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే.

ఆటగాడిగా మిగతా కథ తొందరగా చెప్పేస్తాను. 1965లో నల్ల సముద్రం పక్కనున్న కాన్‌స్టాంట్సా జిల్లాలో, సచేలే అనే పల్లెలో పుట్టాడు. 17 ఏళ్లకు ఊరి క్లబ్ ఫారుల్ తరఫున మొదటి డివిజన్ ఆడాడు. తర్వాత బుకారెస్ట్‌లో స్పోర్టుల్ స్టుడెంట్సెస్క్ అనే విద్యార్థుల క్లబ్. 1985-86 లీగ్‌లో 31 గోల్స్ కొట్టి టాప్ స్కోరర్ అయ్యాడు, అదీ మిడ్‌ఫీల్డర్‌గా ఉండి. 1987 ఫిబ్రవరిలో సైన్యం క్లబ్ స్ట్యావా అతన్ని ఒకే ఒక్క మ్యాచ్ కోసం అరువు తెచ్చుకుంది. మొనాకోలో డైనమో కీవ్‌తో యూరోపియన్ సూపర్ కప్. హాజీ ఫ్రీకిక్ గోల్‌తోనే 1-0తో గెలిచారు. అరువు సొమ్ము మళ్లీ తిరిగెళ్లలేదు! స్ట్యావా అతన్ని తనే ఉంచేసుకుంది. 1989లో యూరోపియన్ కప్ ఫైనల్ దాకా వెళ్లి మిలాన్ చేతిలో 4-0తో ఓడారు.

31 ఏళ్ల వయసులో ఇస్తాంబుల్‌లోని గలతసరాయ్‌కి వెళ్తే, ఇక రిటైర్మెంట్‌కి వెళ్తున్నాడనుకున్నారు. అక్కడ వరసగా నాలుగు లీగ్ టైటిల్స్. 2000 మే 17న కోపెన్‌హాగెన్‌లో ఆర్సెనల్ మీద యుఎఫా కప్. ఒక టర్కీ క్లబ్‌కు యూరప్‌లో కప్పు రావడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఎక్స్‌ట్రా టైమ్‌లో హాజీకి రెడ్ కార్డ్ పడింది. చివరి పెనాల్టీ కొట్టి గెలిపించింది గెయోర్గే పొపెస్కు. వీళ్లిద్దరూ తోడల్లుళ్లు, అక్కాచెల్లెళ్లను చేసుకున్నారు. ఒకరు బయటికి వెళ్లాల్సి వస్తే రెండోవారు పని పూర్తిచేశారు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకొస్తాను. 2001లో ఆట మానగానే జాతీయ జట్టు అతని చేతికి ఇచ్చారు. వరల్డ్ కప్ ప్లే ఆఫ్‌లో స్లొవేనియా చేతిలో ఓడడంతో ఆ పదవి కొన్ని నెలల్లోనే పోయింది. తర్వాత టర్కీలో బుర్సాస్పోర్, అదీ కొన్ని నెలలే. గలతసరాయ్‌లో 2005లో టర్కిష్ కప్ ఫైనల్‌లో ఫెనర్‌బాచేని 5-1తో చిత్తుచేశారు కానీ లీగ్ రాలేదు, పదవీ నిలవలేదు. తిమిషోరా, స్ట్యావా, మళ్లీ గలతసరాయ్. ప్రతిచోటా ఇదే కథ. ఇంటర్నెట్‌లో కనిపించే "ఫెయిల్డ్ కోచ్" అన్న మాట ఈ పదేళ్లని చూసి అన్నదే.

2009లో కాన్‌స్టాంట్సా పక్కన ఓవిడియు అనే చిన్న ఊళ్లో సొంత డబ్బు పెట్టి పిల్లల అకాడమీ కట్టాడు. దాంతోపాటు ఒక క్లబ్ కూడా. దాని పేరు వియిటోరుల్, రొమేనియన్‌లో భవిష్యత్తు అని అర్థం. మూడో డివిజన్‌లో మొదలై 2012కల్లా మొదటి డివిజన్‌కు వచ్చింది. 2014లో తనే కోచ్‌గా దిగాడు. 2017లో చాంపియన్లు. పాయింట్లు సమానమైతే ఇద్దరి మధ్య జరిగిన మ్యాచ్‌ల లెక్కతో బుకారెస్ట్ జట్టు ఎఫ్‌సీఎస్‌బీని దాటారు. వాళ్లు అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లినా ఫలితం మారలేదు. కోచ్‌గా మొదటి ఉద్యోగం 2001లో, మొదటి లీగ్ టైటిల్ 2017లో. మధ్యలో 16 ఏళ్లు.

తేడా ఎక్కడుందో నాకు కళ్లారా చూసే అదృష్టం కలిగింది. నేను మర్చంట్ నేవీలో ఇంజినీర్‌ని. 2023 మేలో మా షిప్ గోధుమలు ఎక్కించుకోవడానికి కాన్‌స్టాంట్సా పోర్టులో ఉంది. వాన పడితే ధాన్యం తడవకుండా హ్యాచ్‌లు మూసేసి లోడింగ్ ఆపేస్తారు. అలా ఓ పూట ఖాళీ దొరికితే ట్యాక్సీ మాట్లాడుకుని ఓవిడియు వెళ్లాను. దూరం పది కిలోమీటర్లే. డ్రైవర్‌కి ఇంగ్లిష్ రాదు, నాకు రొమేనియన్ రాదు. "హాజీ" అన్నాను, సరిపోయింది.

లోపలికి వెళ్లలేదు, కంచె అవతల నిలబడే చూశాను. వాన వెలిశాక గడ్డి ఇంకా తడిగానే ఉంది. పదేళ్ల పిల్లలు ఓ పదిమంది పాస్‌లు ప్రాక్టీస్ చేస్తున్నారు. బంతి అందుకోబోయే పిల్లాడి వెనక కోచ్ నిలబడి చేతివేళ్లు చూపిస్తున్నాడు. బంతి కాలికి చేరేలోపు పిల్లాడు మెడ తిప్పి వెనక్కి చూసి, ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. "దొయ్!" అంటే రెండు. "త్రెయ్!" అంటే మూడు, మన "త్రయం" లాగే వినబడింది. చెప్పాకే బంతి ఆపాలి. తప్పు చెప్పినవాణ్ణి కోచ్ తిట్టలేదు, మళ్లీ బంతి వేయించాడు, అంతే. నేను అరగంట చూశాను. హాజీ ఆటలో మనకు మాయలా కనిపించేది ఇదే. బంతి రాకముందే తన వెనక ఎవరున్నారో, గోల్‌కీపర్ ఎక్కడున్నాడో అతనికి తెలిసిపోయేది. కొలంబియా గోల్ కూడా ముందే చూసుకుని కొట్టినదే. అతనికి సహజంగా వచ్చిన ఆ చూపును అక్కడ వేళ్లు లెక్కపెట్టించి నేర్పుతున్నారు.

ఇది నాకు ఎందుకు అంత తగిలిందంటే, సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆదివారాలు మా కాలనీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. నేను జిల్లా స్థాయి దాకా ఆడినవాణ్ణి. పదకొండేళ్ల ఓ పిల్లాడు ఎప్పుడూ బంతినే చూస్తూ వెనకనుంచి వచ్చేవాళ్లకి దాన్ని పోగొట్టుకునేవాడు. "తలెత్తి చూడరా!" అని అందరి ముందూ అరిచాను. రెండు ఆదివారాలు రాలేదు. నాకు తెలిసిన పని వాడికి ఎందుకు రాదని కోపం తెచ్చుకున్నానే తప్ప, అది ఎలా వస్తుందో చెప్పలేదు. పెద్ద ఆటగాళ్లు కోచ్‌లుగా తడబడేది ఎక్కువగా ఇక్కడే అని నా నమ్మకం. ముప్పై ఏళ్లొచ్చిన ఆటగాళ్లకు అలవాట్లు గట్టిపడిపోయి ఉంటాయి, క్లబ్ యజమానికేమో మూడు నెలల్లో ఫలితం కావాలి. నేర్పడానికి టైమ్ ఎక్కడిది? ఓవిడియులో అప్పుడు యజమానీ హాజీనే, కోచూ హాజీనే. పదేళ్ల పిల్లాడు పద్దెనిమిదికి వచ్చేదాకా ఆగగలిగాడు. నేను అరిచిన మా కాలనీ పిల్లాడి ఇంటికి వెళ్లి సారీ చెప్పి తీసుకొచ్చాను. ఇప్పుడు మా గ్రౌండ్‌లో కూడా "రెండు!", "మూడు!" అని అరుపులు వినిపిస్తుంటాయి.

ఆ అకాడమీ ఫలితాలు జాతీయ జట్టులోనూ చూడొచ్చు. యూరప్ దేశాల మధ్య జరిగే 2024 యూరో టోర్నీలో రొమేనియా ఉక్రెయిన్‌ని 3-0తో ఓడించింది. ఆ మూడు గోల్స్‌లో రెండు రజ్వాన్ మారిన్, డెనిస్ ద్రగుష్‌లవి. సీనియర్ ఫుట్‌బాల్‌ను ఇద్దరూ వియిటోరుల్ చొక్కాతోనే మొదలుపెట్టారు. హాజీ కొడుకు యానిస్ కూడా ఆ అకాడమీవాడే, ఆ యూరో జట్టులోనూ ఉన్నాడు. కొడుకు కాబట్టి ఆడించాడని అనేవాళ్లున్నారు. స్కాట్లండ్‌లో రేంజర్స్‌తో లీగ్ గెలిచిన ఆటగాణ్ణి అలా అనడం న్యాయం కాదు.

2021లో వియిటోరుల్‌ని హాజీ తన మొదటి క్లబ్ ఫారుల్‌లో కలిపేశారు. ఫారుల్ అంటే లైట్‌హౌస్. 2023 మే 21 ఆదివారం ఎఫ్‌సీఎస్‌బీతో మ్యాచ్, గెలిస్తే టైటిల్. మా షిప్ ఇంకా పోర్టులోనే ఉంది. ఆ సాయంత్రం పోర్టు బయట ఓ చిన్న హోటల్లో టీవీ ముందు కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర డెబ్బై ఏళ్లుండే పెద్దాయన, పోర్టు కూలీలా ఉన్నాడు. ఫారుల్ 0-2తో వెనకబడింది. ఆయన టోపీ తీసి బల్ల మీద బోర్లించి, తెర వైపు చూడడమే మానేశాడు. ఒక గోల్ పడింది, తల తిప్పాడు. రెండోది పడింది, లేచి నిలబడ్డాడు. మూడోది పడ్డాక నా భుజం పట్టుకుని ఊపేస్తూ "జీకా, జీకా" అని ఏడ్చేశాడు. హాజీని అక్కడివాళ్లు ముద్దుగా అలా పిలుస్తారు. ఫారుల్ చరిత్రలో అదే మొదటి లీగ్ టైటిల్. పదిహేడేళ్ల కుర్రాడిగా ఆ చొక్కా వేసుకుని 41 ఏళ్లయ్యాక, అదే క్లబ్‌కు కోచ్‌గా తెచ్చిపెట్టాడు. 1994లో మింగేసిన అరుపు ఆ రాత్రి నా గొంతులోంచి వచ్చింది.

ఏం చూడాలో అడిగారు కదా. హైలైట్స్ కాకుండా 1994 రొమేనియా, అర్జెంటీనా మ్యాచ్ మొత్తం చూడండి. బంతి లేనప్పుడు హాజీ మెడ ఎన్నిసార్లు తిప్పుతాడో గమనించండి. తర్వాత 2000 యుఎఫా కప్ ఫైనల్. ఆ తర్వాత నేను చెప్పిన 2023 మ్యాచ్, 0-2 దగ్గర్నుంచి. వీలైతే సౌండ్ పెట్టుకుని చూడండి.