ఎర వేసిన బంటు తిరిగి రాకపోతే?

ప్రశ్న: నేను తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల చదరంగం ఆడుతుంటాను. తెల్లపావులవారు బంటును డి4 గడికి జరపగానే (డి4 ఆడగానే) ఇ5తో బంటును ఎర వేసే ఎంగ్లుండ్ గాంబిట్ నాకు చాలా విజయాలు తెచ్చింది. మొన్న మాత్రం నా మంత్రి బి2 బంటును కొట్టాక ప్రత్యర్థి గుర్రాన్ని సి3లో నిలిపాడు. నేను డి6 ఆడాను. పదో ఎత్తుకే నా ఏనుగు పోయింది. పొరపాటు ఎక్కడ? వచ్చే నెల చిత్తూరులో జరిగే పోటీలో ఈ ఆరంభాన్ని వాడవచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: డి6 బలహీనమైన ఎత్తే కానీ, ఇబ్బంది అంతకుముందే మొదలైంది. ఈ గాంబిట్ ఆశలన్నీ మీ మంత్రి బి2 బంటును కొట్టాక వచ్చే తెల్లపావుల ఆరో ఎత్తు మీదే ఉంటాయి. ప్రత్యర్థి గుర్రానికి బదులు శకటును సి3కి జరిపి మీ మంత్రిని బెదిరిస్తే, మీరు బి4లో మీ శకటును పెట్టి అతని శకటును కదలకుండా చేస్తారు. అతడు మంత్రిని డి2కి తెస్తే, మీరు సి3లోని శకటును కొట్టి, అతని మంత్రి తిరిగి కొట్టగానే సి1లో మీ మంత్రితో ఆట కట్టిస్తారు. మీ విజయాల్లో చాలావరకు ఇలా వచ్చినవే అయి ఉంటాయి.

గుర్రం సి3కి వస్తే ఆ వల తెగిపోతుంది. మీ ఆటలో ఏనుగు బి1కి వచ్చి మంత్రిని ఎ3కి తరిమి ఉంటుంది; ఆపైన గుర్రం బి5కి దూకి మంత్రినీ సి7 బంటునూ ఒకేసారి బెదిరించి, సి7లో చెక్ ఇచ్చి మూల ఏనుగును తినేసి ఉంటుంది. డి6కు బదులు శకటును బి4లో పెట్టి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. అయినా ఏనుగు బి1 నుంచి బి3కి ఎక్కి, మీ మంత్రి ఎ5కు తగ్గాక, ఎ3 బంటు మీ శకటును నిలదీస్తుంది. మీరు గుర్రాన్ని కొట్టక తప్పదు, రెండు శకటులతో పాటు ముందంజ కూడా తెల్లపావులదే అవుతుంది.

ఎదుటివారు సరైన ఎత్తు వేసినా ఏదో ఒకటి మిగిల్చేదే నమ్మదగిన గాంబిట్. డి4కు గుర్రాన్ని ఎఫ్6లోకి తెచ్చి, సి4 వచ్చాక ఇ5 ఆడే బుడాపెస్ట్ గాంబిట్‌ను చూడండి. బంటు పోగానే గుర్రం జి4కి వెళ్తుంది. ప్రత్యర్థి ఇ5లోని తన బంటును శకటుతో ఎఫ్4 నుంచి, గుర్రంతో ఎఫ్3 నుంచి కాపాడినా, మీ రెండో గుర్రం సి6కు, మంత్రి ఇ7కు వచ్చేసరికి ఆ బంటు తరచుగా తిరిగి చేతికి వస్తుంది. ఇందులోనూ డి3లో గుర్రంతో రాజుకు ఊపిరాడనీయకుండా ఆట కట్టించే వల ఉంది (మీవంటివారికి అది నచ్చుతుంది!), కానీ అది పారకపోయినా మీ స్థితి నిలబడుతుంది.

చిత్తూరు పోటీలో ఎంగ్లుండ్ వద్దు. మూడు నిమిషాల ఆటలో తొందరలో శకటును జరిపేవారే, గంట సమయం చేతిలో ఉంటే ఆరో ఎత్తు దగ్గర ఆగి ఆలోచిస్తారు. ఆన్‌లైన్ సరదా ఆటల్లో దానిని మానవలసిన పని లేదు. డి6 మాత్రం ఆడకండి.